ఎరుపును నమ్మని వేలు

జంపని దాటి రైలు వేమూరు వైపు సాగుతుండగా, ఎదురు సీట్లో తాత భుజం మీద నిద్రపోతున్న పిల్ల ఎడమచెయ్యి ఒళ్ళోంచి జారి వెల్లకిలా పడింది. మోచేతికీ మణికట్టుకీ నడుమ నీలం పెన్నుతో గీసిన సున్నా ఉంది. పుష్పలత నములుతున్న జాంకాయ ముక్క నోట్లోనే ఆగిపోయింది.

మనిషి చేసే పనిని బట్టి కన్ను అలవాటుపడుతుంది. పశువుల బేరగాడికి సంతలో ముందు సుడులు కనపడతాయి. కంసాలికి పెళ్ళిపందిట్లో పెళ్ళికూతురు మొహం కన్నా ముందు చెవుల బరువు కనపడుతుంది. పుష్పలతకి ముప్పై ఏళ్ళుగా కనపడుతున్నవి పిల్లల ముంజేతుల మీద ఇలాంటి సున్నాలే. రేపల్లె ఆస్పత్రిలో టీబీ విభాగం ఆమెది. ఇంట్లో ఎవరికైనా టీబీ వస్తే ఆ ఇంటి పిల్లలకి ముంజేతి చర్మంలోకి చుక్క మందు ఎక్కించి, చుట్టూ సున్నా గీసి, రెండో రోజు దాటాక మూడో రోజు లోపల ఆ చోటు చూసి చెప్పడం ఆమె పని. దాన్ని మాంటూ పరీక్ష అంటారు. జనం మాత్రం సున్నా సూది అంటారు, అదే బావుంది.

రేపల్లె లైనుకి ఒక సుఖం ఉంది. దేశంలో రైళ్ళన్నీ ఎక్కడికో పోతూనే ఉంటాయి, ఇది మాత్రం రేపల్లె చేరి ఆగిపోతుంది. అవతల కృష్ణ, లంకలు, సముద్రం. నిద్రపోతే ఊరు దాటిపోతుందన్న భయం లేదు కనక ఇందులో ఎక్కినవాళ్ళు తీరిగ్గా కూర్చుంటారు, తీరిగ్గా మాట్లాడుకుంటారు. అయినా పుష్పలత గొంతు తగ్గించే అడిగింది. పక్కన మరో నలుగురున్నారు, ఆ జబ్బు పేరు నలుగురిలో పలికేది కాదు.

"అన్నయ్య గారూ, పాపకి ఈ సూది ఎప్పుడు వేయించారండి?"

తెల్ల టోపీ పెట్టుకున్న ఆ పెద్దాయన మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. షాపులోంచి తిన్నగా లేచి వచ్చినట్టున్నాడు. పేరు అబ్దుల్ షుకూర్, రేపల్లెలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే టైలరు.

"సోమవారం పొద్దున్నమ్మా. ఇవాళ గురువారం కదా, పొద్దున్నే చూసి కాయితం ఇచ్చేశారు. ఏమీ లేదన్నారు." ఆయన కూడా గొంతు దించాడు. "మావాడు ఫిరోజ్‌కి, అదే దీని నాన్నకి, ఆ జబ్బు తేలి రెండు నెలలైంది. ఊళ్ళో తెలియడం ఎందుకని ప్రైవేటులో చూపిస్తున్నాం. పిల్లని తెనాలిలో వాళ్ళ నానీ, అదే అమ్మమ్మ ఇంట్లో ఉంచాం. ఇప్పుడు ఏమీ లేదన్నారు కదా, ఇంటికి తీసుకుపోతున్నా."

"నేను రేపల్లె ఆస్పత్రిలో ఆ పనే చేస్తానండి. ఒకసారి చెయ్యి చూడనిస్తారా?"

"చూడు తల్లీ. చూస్తే అరిగిపోతుందా."

పుష్పలత చేతులు తుడుచుకుని, కళ్ళు మూసుకుని, చూపుడువేలు పిల్ల ముంజేతి మీద పెట్టింది.

ఆ వేలికి గురువు ఉన్నాడు. తెనాలిలో ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో బర్నబాస్ గారని ఒక పాతకాలపు హెల్త్ విజిటరు ఉండేవాడు. లూథరన్ చర్చిలో హార్మోనియం వాయించేవాడు, నవ్వేవాడు కాదు. చేరిన రోజునే ఆమెని బల్ల ముందు కూర్చోబెట్టి, నాలుగు మడతల దుప్పటి కింద కందిబద్ద పెట్టి, అంచు ఎక్కడో వెతకమన్నాడు. దొరికింది. ఎనిమిది మడతలు వేశాడు. పదహారు వేశాడు. మూడు వారాలు అదే పని. ఆస్పత్రిలో అందరూ నవ్వారు, పప్పులమ్మాయి అని పేరు పెట్టారు. "ఎర్రగా ఉందని రాసేవాడు దోమకాటుకి కూడా టీబీ అని రాస్తాడు" అనేవాడాయన. "ఎరుపు అబద్ధం చెబుతుంది. గట్టిదనం చెప్పదు. గట్టి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అదే నీ కొలత. కళ్ళు మూసుకో."

ఇంకొకటి కూడా నేర్పాడు. మనుషులకి పది, పదిహేను అనే అంకెలంటే ప్రేమ. తొమ్మిది ఉంటే పది అని, పద్నాలుగు ఉంటే పదిహేను అని రాసేస్తారు. బాపట్ల కొత్త జిల్లా అయ్యాక అక్కడి ఆఫీసులో ఒకసారి అందరి రిజిస్టర్లూ తిరగేస్తే పదులూ పదిహేనులూ బారులు తీరి కనపడ్డాయట. ఒక్క పుష్పలత రిజిస్టరులోనే ఎనిమిదులు, పదకొండులు, పదమూళ్ళు కూడా పంక్తిలో కూర్చున్నాయి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. కానీ ఆ నెల చర్చికి మంచి చీరలే కట్టుకెళ్ళింది.

రైలు వేమూరులో ఆగి కదిలింది. పుష్పలత కళ్ళు తెరిచింది.

"ఏమీ లేకపోవడం కాదండి. కొంచెం ఉంది. నాలుగు మిల్లీమీటర్లు. పది ఉంటే క్రిమి లోపలున్నట్టు లెక్క." తర్వాత ఆ చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. సున్నా లోపల చర్మం మిగతా చోటులా లేదు, పాలిపోయి నున్నగా ఉంది. ఏదో మందు వాసన. "ఏం రాశారమ్మా ఇక్కడ?"

పిల్ల లేచే ఉంది. పేరు రుక్సానా, ఎనిమిదేళ్ళు. "దురద పుట్టిందని నానీ క్రీము రాసింది."

"ఏ క్రీము?"

"మామూ తామరకి రాసుకుంటాడు చూడు, అది."

"ఎన్నిసార్లు?"

"దురద పుట్టినప్పుడల్లా."

ఈ ప్రాంతంలో ఆ ట్యూబు లేని ఇల్లు ఉండదు. అద్దం వెనకో, టీవీ పక్కనో మడతలు పడి ఉంటుంది. తామరకి కొంటారు. తర్వాత దోమ కుట్టినా అదే, ముఖం మీద మచ్చకీ అదే, పెళ్ళికి ముందు తెల్లబడాలన్నా అదే. మందుల షాపులో పేరు కూడా అక్కర్లేదు, ట్యూబు రంగు చెబితే ఇచ్చేస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటుందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు తగ్గుతోందిగా అంటారు. తెనాలిలో అమ్మమ్మ జానీ బీ మనవరాలి దురద చూడలేక ప్రేమగా రాసింది. రాసి, తెలియకుండానే పరీక్ష నోరు నొక్కింది.

"దాని మూలంగా ఏమవుతుందమ్మా?" అన్నాడు షుకూర్.

పుష్పలత ఆయన మెడలో టేపు వంక చూసింది. ఎదుటివాళ్ళ పనిలోంచి ఎత్తుకుని చెబితే తప్ప ఎవరికీ ఏదీ ఎక్కదని ఆమెకి అనుభవం. వేమూరు రైతులకి కాలవ తూముల లెక్కన చెప్పింది, పేరాల నేతగాళ్ళకి మగ్గం లెక్కన చెప్పింది. ఈ శాస్త్రమంతా ఆమెకి ఏ కాలేజీలోనూ రాలేదు. తెనాలి పేవ్‌మెంటు మీద కొన్న పాత జువాలజీ పుస్తకాలు, అట్టలు లేనివి, రైల్లో చదువుకుంటూ వంటబట్టించుకుంది.

"ఆడవాళ్ళు చీర కొన్నాక జాకెట్టుకి ఏం చేస్తారండి?"

"చీర కొంగులోంచి పోగో, చిన్న ముక్కో పట్టుకుని మ్యాచింగ్ సెంటరుకి వెళ్తారు."

"మన ఒంట్లోనూ అంతేనండి. ఊపిరితిత్తుల్లో, చర్మం కింద కొమ్మలు చాచుకుని కూర్చునే కణాలుంటాయి. క్రిమి వస్తే పట్టుకుని మింగుతాయి, ముక్కలు చేస్తాయి. అందులో ఒక చిన్న పీసుని పళ్ళెంలో పెట్టినట్టు తమ ఒంటి మీద పెట్టుకుని దగ్గర్లో ఉన్న బిళ్ళలోకి నడుస్తాయి. మనకి చంకల్లో, మెడలో, గుండెల్లో బిళ్ళలుంటాయి కదా, అవే మ్యాచింగ్ సెంటర్లు. లోపల టీ కణాలని ఉంటాయి. లక్షల కొట్లు అనుకోండి, ఒక్కో కొట్లో ఒక్కటే రంగు. క్రిమిని మొత్తంగా తెచ్చి ముందు పడేసినా టీ కణం గుర్తుపట్టదు. పళ్ళెంలో పీసు పెట్టి చూపించాలి. అదీ తన రంగే అయితేనే లేస్తుంది."

"నలభై ఏళ్ళు పీసులు చూశాను, నాకు చెబుతున్నావా" అన్నాడు షుకూర్ ముసిముసిగా. "కానీ ఒకటి తక్కువ చెప్పావు చెల్లెమ్మా. పీసు మ్యాచింగ్ అయినంత మాత్రాన నేను కత్తెర ముట్టను. ఆది జాకెట్టు ఇవ్వాలి. కొలత లేకపోతే ఎవరికని కుట్టను? పీసిచ్చి ఆది ఇవ్వకుండా పోయినవాళ్ళ గుడ్డలు నా షాపులో మూట కట్టి పడున్నాయి, వాటిని నేను ఇక విప్పను కూడా."

పుస్తకంలో రెండు పేజీలు తిన్న సంగతి ఇది. పీసు చూపిస్తే సరిపోదు, చూపించే కణం రెండో సైగ కూడా చెయ్యాలి, ఇది నిజంగా ప్రమాదమే, లే అని. ఆ సైగ లేకుండా పీసు మాత్రమే చూసిన టీ కణం మొద్దుబారి పడుకుంటుంది, తర్వాత పిలిచినా పలకదు. ఆమెకి అది అర్థం కావడానికి తెనాలికీ రేపల్లెకీ నెల రోజులు తిరగాల్సి వచ్చింది.

"అదేనండి అన్నయ్య గారూ. పీసూ, ఆదీ రెండూ అందితే ఆ ఒక్క కణం వేల కణాలవుతుంది, ఒళ్ళంతా గస్తీ తిరుగుతుంది. కొన్ని ఏళ్ళ తరబడి ఆ రంగు మరిచిపోవు. మేం వేసే సూదిలో టీబీ క్రిమి తాలూకు పీసులే ఉంటాయి, బతికున్న క్రిమి ఉండదు. చర్మంలో ఉన్నవాళ్ళు అవి ఎత్తి చూపిస్తారు. ఇదివరకే ఆ క్రిమి లోపలికి వచ్చిన ఒళ్ళయితే రంగు గుర్తున్నవాళ్ళు నలుమూలల నుంచీ వచ్చి చేరతారు. జనం చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అలా చేరినదే గట్టిదనం. క్రీము రాస్తే ఆ వీధిలో షట్టర్లు దించినట్టే. చూపించేవాడు చూపించడు, వచ్చేవాడు రాడు."

షుకూర్ నవ్వు పోయింది. "అయితే పిల్ల లోపల అది ఉండొచ్చా?"

"ఉండొచ్చు, లేకపోనూవచ్చు. ఉంటే నిద్రపోతూ ఉంటుంది. ఇప్పుడు పట్టుకుంటే మూడు నెలల మాత్రలతో పోతుంది. పట్టుకోకపోతే ఎప్పుడు లేస్తుందో ఎవరూ చెప్పలేరు."

ఇంత నెమ్మదిగా చెప్పింది గానీ పుష్పలత గుండెలో ఆ క్షణాన పింకీ ఉంది. ఇరవై రెండేళ్ళ కిందట కొల్లిపరలో మూడేళ్ళ పిల్ల. తట్టు పోసి నెల కూడా కాలేదు. సున్నాలో ఏమీ తగల్లేదు, నిల్ అని రాసింది. తట్టు వచ్చిన ఒళ్ళు కొన్నాళ్ళు ఎవరినీ పిలవలేదని అప్పటికి ఆమెకి తెలియదు. నాలుగు నెలలకి పింకీకి టీబీ మెదడుకెక్కింది. బతికింది గానీ ఇంజెక్షన్లతో చెవులు సగం పోయాయి. పాత జువాలజీ పుస్తకాలు కొనడం ఆమె మొదలుపెట్టింది ఆ తర్వాతే. వేలు తప్పు చెప్పలేదు, వేలు చెప్పిన దాన్ని తను సగమే విన్నది. ఆ రోజు నుంచి ఆమె నిల్ అనే మాటని ఒక్కదాన్నీ ఒంటరిగా రాయలేదు. పక్కన ఎందుకు నిల్ అన్నది కూడా రాసేది.

రేపల్లెలో దిగగానే ప్లాట్‌ఫాం మీద నిలబడే బాపట్లకి ఫోను చేసింది. జిల్లా టీబీ డాక్టరు చందన గారు చిన్నవయసు మనిషి, మంచి మనిషి, రూలు తప్పని మనిషి.

"ఐదేళ్ళు దాటిన పిల్ల, ఏ బాధా లేదంటున్నారు, నిల్ అని కాయితం ఉంది. మళ్ళీ వెయ్యడానికి కారణం ఏం రాయమంటారు పుష్పలత గారూ?"

"తామర క్రీము అని రాయండి మేడమ్. రెండో చేతికి వేస్తాను. ఆ చేతికి ఏమీ రాయలేదు."

"మళ్ళీ నిల్ వస్తే ఆ కుటుంబం మన మాట ఇంకెప్పుడూ వినదు. సీసా కూడా దండగ."

"సీసా దండగ కానివ్వనండి. మళ్ళీ నిల్ వస్తే, నేను రిటైరయ్యేదాకా ఒకరి కాయితంలో వేలు పెట్టను."

"మీ పేరు మీదే రాస్తున్నాను" అంది చందన.

ఆ మందు సీసా ఒకసారి విప్పితే సాయంత్రంలోగా అయిపోవాలి, మిగిలింది పారెయ్యాలి. పది మంది పిల్లలకి సరిపోతుంది. అందుకని మామూలుగా పది మంది పోగయ్యేదాకా విప్పరు. పుష్పలత ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా, వాయిదాలు వేస్తూ వచ్చిన ఇళ్ళన్నీ తిరిగింది. భట్టిప్రోలు వాళ్ళని ఫోన్లో బతిమాలింది, పల్లెకోన వాళ్ళని తిట్టింది. శుక్రవారం పదకొండింటికి ఆస్పత్రి వరండాలో తొమ్మిది మంది పిల్లలు, పదో మనిషి రుక్సానా. కుడిచేతి చర్మం కింద కందిబద్దంత బుడ్డ లేచింది. సున్నా గీసింది.

"దీని మీద నూనె, సున్నం, పసుపు, క్రీము, దువా చదివిన నీళ్ళు ఏదీ వద్దు" అంది షుకూర్‌తో.

"దువా నీళ్ళు తాగొచ్చా?"

"తాగొచ్చు. చేతికి రాయొద్దు."

ఆయన జుమ్మా నమాజుకి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు పిల్లకి పొడుగు చేతుల జాకెట్టు తొడిగి, మణికట్టు దగ్గర రెండు కుట్లు వేశాడు. గోక్కోకుండా.

ఆదివారం లూథరన్ చర్చిలో ఆరాధన అయ్యేసరికి పన్నెండున్నర. పుష్పలతకి ఆ రోజు ప్రసంగం ఒక్క ముక్క తలకెక్కలేదు. పాట పాడుతూ పుస్తకం అట్ట మీద చూపుడువేలు రాస్తూ కూర్చుంది. యాభై ఏడేళ్ళు వచ్చాయి. వేళ్ళు మొద్దుబారే వయసు. రైలు కుదుపులో నాలుగు అనుకున్నది నాలుగేనా? చందన గారి ముందు అంత మాట అనకుండా ఉండాల్సింది. మళ్ళీ అనుకుంది, అనకపోతే ఆ పిల్ల చెయ్యి ఇవాళ ఎవరూ చూసేవాళ్ళు కాదు కదా.

తెల్ల చీరతోనే షుకూర్ షాపుకి నడిచింది. చిన్న షాపు, రెండు మిషన్లు, గోడకి కట్టిన తాడు మీద ఆది జాకెట్లు వరసగా. రుక్సానా స్టూలు మీద కూర్చుని ఉంది. తెనాలి నుంచి జానీ బీ వచ్చి మూల నిలబడింది. క్రీము సంగతి విన్నప్పటి నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదట.

మణికట్టు కుట్లు షుకూరే విప్పాడు. సున్నా లోపల పెద్ద ఎరుపు లేదు. జానీ బీ ఊపిరి వదిలింది, ఏమీ లేదనుకుని.

పుష్పలత కళ్ళు మూసుకుంది. వేలు పెట్టింది.

బాల్‌పెన్ను తీసి, దూరం నుంచి మెల్లగా చర్మం మీద గీత గీస్తూ లోపలికి వచ్చింది. గట్టి తగిలిన చోట పెన్ను తనంత తనే ఆగింది. అవతలి వైపు నుంచి ఇంకో గీత. అదీ ఆగింది. రెండు గీతల మధ్య పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ స్కేలు పెట్టింది. పదిహేను రాయొచ్చు, ఎవరూ కాదనరు.

"పద్నాలుగు" అంది.

షుకూర్ వంగి, తన చూపుడువేలు పిల్ల చేతి మీద తేలిగ్గా జరిపాడు, సిల్కులో పోగు తప్పిన చోటు వెతుకుతున్నట్టు. "అరంగుళం దాటి రెండు దారాల మందం" అన్నాడు. స్కేలు తిప్పి చూస్తే అంతే.

"బర్నబాస్ గారుంటే మిమ్మల్ని ఉద్యోగంలో పెట్టుకునేవారండి" అంది పుష్పలత.

జానీ బీ ఏడుపు మొదలెట్టింది. "నా చేత్తో నేనే..."

"పిన్నిగారూ, మీరు క్రీము రాశారు కాబట్టి రెండుసార్లు చూశాం. మామూలుగా ఒక్కసారే చూస్తాం." ఇందులో తర్కం అంత గట్టిది కాదని పుష్పలతకి తెలుసు. కానీ ఆ మూలలో నిలబడ్డ మనిషికి అప్పటికి అది చాలు. "క్రిమి నిద్రలో దొరికింది. దొంగ నిద్రలో దొరికితే ఏడుస్తారా ఎవరన్నా?"

బాపట్లలో ఎక్స్‌రే తీయించారు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. చందన ఫిల్ము చూసి, కాయితం రాసి ఇచ్చింది. తర్వాత, "కొత్తగా చేరినవాళ్ళు ఆరుగురున్నారు. వచ్చే నెల మీ దగ్గరికి పంపిస్తాను. కందిపప్పు మీరే తెచ్చుకోండి" అంది. ఆ మాటతో పుష్పలత బాపట్ల నుంచి ఇంటిదాకా బస్సులో నిలబడే వచ్చింది, సీటు ఖాళీ అయినా గమనించలేదు.

వారానికొకసారి మాత్రలు, పన్నెండు వారాలు. ప్రతి ఆదివారం పుష్పలత చర్చి నుంచి తిన్నగా షాపుకి వచ్చి, పిల్ల మింగేదాకా ఎదురుగా కూర్చునేది. ఫిరోజ్ కూడా ఊళ్ళో ఎవరికి తెలిస్తే ఏమిటని రేపల్లె ఆస్పత్రికే మారాడు.

పుష్పలతకి ఒక అలవాటు ఉంది, తెలియనివాళ్ళు పొగరనుకుంటారు. ఎవరింటి నుంచీ వెళ్ళొస్తానని చెప్పి లేవదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు కొల్లిపర దగ్గర ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, నువ్వు మంచిదానివే. కానీ మా ఇంట్లో వెళ్ళొస్తానని మాత్రం అనకు. నువ్వు మళ్ళీ వచ్చావంటే ఆ జబ్బు మళ్ళీ వచ్చినట్టే" అంది. అప్పటి నుంచీ జబ్బు నయమైన ఏ ఇంటి గడప దగ్గరా ఆమె ఆ మాట అనలేదు.

పన్నెండో ఆదివారం రుక్సానా ఆఖరి మాత్రలు మింగి, నోరు తెరిచి చూపించింది. షుకూర్ మిషన్ సొరుగులోంచి ఒక చిన్న సంచి తీసి ఇచ్చాడు. రకరకాల మ్యాచింగ్ పీసులు అతికి కుట్టినది, సన్నగా, పొడుగ్గా.

"నీ స్కేలుకీ పెన్నుకీ. కొలత తీసుకోలేదు. చూపే ఆది."

పుష్పలత స్కేలు తీసి అందులోకి జార్చింది. చివరిదాకా వెళ్ళి సరిగ్గా అంచు దగ్గర ఆగింది, ఒక దారం ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆమె తల ఊపింది, పనివాడు పనివాడికి ఊపినట్టు.

"కూర్చో చెల్లెమ్మా, టీ చెప్పొస్తా" అని ఆయన పక్క కొట్టుకి వెళ్ళాడు. రెండు గ్లాసులతో తిరిగి వచ్చేసరికి స్టూలు ఖాళీగా ఉంది. రుక్సానా వీధి చివరకి వేలు చూపించింది. తెల్ల చీర, చంకలో కొత్త సంచి, మలుపు తిరుగుతోంది. వెనక్కి చూడలేదు.